ఆయిల్ ఇంజనులో టైమింగు గేరు మార్చిన పిమ్మట చేయవలసిన పరీక్షలు
(ప్రసంగ పాఠము)



గౌతమి, వసిష్ఠ పాయల నడుమ నున్న మన కోనసీమకు 1852 లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తి అయిన నాటి నుండి కాలువ నీరు అందుచున్నది. ఇట్టి సీమలో ఆయిల్ ఇంజనుతో పని యేమి అని బయటివారు అడుగవచ్చును. ఆ పని మీకు తెలియును. శివారు భూములలో వంతులవారీ నీరు చాలని రోజులలో దాళ్వా చేనుకు చివరి తడి ఇంజనే ఇవ్వవలెను. కాలువ ఎక్కని లంక భూములలో అరటికి, కూరగాయలకు నీరు అదియే తోడవలెను. సార్వా నారుమడి మురుగునీట మునిగినప్పుడు ఆ నీటిని గట్టు దాటించవలసినదియు అదియే. 2011 లో కోనసీమ రైతులు సార్వా సాగు మానివేసినప్పుడు చెప్పుకొన్న కష్టములలో గిట్టుబాటు ధర లేకపోవుటతో పాటు మురుగు ముంపు కూడ ఒకటి. 2022 జూలై వరదలో లంక గ్రామములు మునిగిన సంగతి ఎవరును మరువలేదు. అట్టి సమయమున కరెంటు ఉండునో ఉండదో చెప్పలేము. ఇంజను నడిచినచో నారు దక్కును, లేనిచో కుళ్ళును.

కావున ఇంజను చెడినప్పుడు బాగుచేయించుట ఎంత ముఖ్యమో, బాగుచేసిన పిమ్మట అది సరిగా అమరినదా లేదా అని చూచుకొనుట కూడ అంత ముఖ్యము. ముఖ్యముగా టైమింగు గేర్లు మార్చిన తరువాత "ఇంజను ఎక్కుట లేదు", "పొగ పోయుచున్నది", "ఎదురు తన్నుచున్నది" అను ఫిర్యాదులు తరచుగా వినవచ్చును. ఇట్టి సందర్భమున దోషము టైమింగులోనే ఉన్నదా, వేరొక చోట ఉన్నదా అని తెలిసికొను మార్గములను ఈనాడు మీకు మనవి చేయుదును.

టైమింగు అనగా నేమి?

మన పంపుసెట్లలో వాడు ఇంజనులు చాలవరకు నాలుగు దెబ్బల ఇంజనులు. పిస్టను మొదటి దెబ్బకు గాలిని పీల్చును. రెండవ దెబ్బకు దానిని నొక్కును. మూడవ దెబ్బలో డీసెలు మండి పిస్టనును క్రిందికి తోయును. నాలుగవ దెబ్బకు పొగ బయటికి పోవును. ఈ నాలుగు దెబ్బలకు ఫ్లైవీలు రెండు చుట్లు తిరుగును. ఆ రెండు చుట్లలో ఇన్‌లెట్ వాల్వు ఒకసారి, ఎగ్జాస్టు వాల్వు ఒకసారి తెరచుకొనవలెను. డీసెలు ఒకసారి చిమ్మవలెను. అందుచేత క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాము షాఫ్టు ఒక చుట్టు మాత్రమే తిరుగునట్లు, క్యాము గేరునకు క్రాంకు గేరు కంటె రెట్టింపు పళ్ళు ఉండును.

ఈ రెండు గేర్లు ఏ పంటికి ఏ పన్ను కలియవలెనో గుర్తులు వేసి ఉండును. మోటారు సైకిళ్ళలోను, కొన్ని కార్లలోను గేర్లకు బదులుగా టైమింగు గొలుసు ఉండును. గేరైనను గొలుసైనను సూత్రము ఒక్కటే. పిస్టను ఉన్న చోటికి తగినట్లు వాల్వులు కదలవలెను, డీసెలు చిమ్మవలెను.

పన్ను తప్పిన దోషమునకు లెక్క కలదు

ఈ ప్రసంగములో మీరు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన విషయ మిది. గేరు అమర్చుటలో ఒక పన్ను తప్పిపోవచ్చును, రెండు పళ్ళు తప్పిపోవచ్చును. అర పన్ను, పావు పన్ను తప్పుట మాత్రము జరుగదు. కాబట్టి పన్ను తప్పినందువలన వచ్చు తేడా ఎప్పుడును పెద్దదిగానే ఉండును, దానిని కొలచి తెలిసికొనవచ్చును.

ఉదాహరణకు క్రాంకు గేరునకు 30 పళ్ళు, క్యాము గేరునకు 60 పళ్ళు ఉన్నవనుకొనుడు. ఫ్లైవీలు ఒక చుట్టు 360 డిగ్రీలు. 360 ని 30 చే భాగించిన 12 వచ్చును. అనగా ఒక పన్ను తప్పినచో వాల్వులు 12 డిగ్రీలు ముందుగానో వెనుకగానో తెరచుకొనును. మీ ఫ్లైవీలు అడ్డుకొలత 60 సెం.మీ. ఉన్నచో దాని చుట్టుకొలత సుమారు 188 సెం.మీ. అందులో ఒక డిగ్రీకి అర సెం.మీ. పైచిలుకు వచ్చును. 12 డిగ్రీలనగా సుమారు 6 సెం.మీ. ఇంత తేడా కంటికి స్పష్టముగా కనబడును.

మీరు కొలచినప్పుడు ఒక సెంటీమీటరు తేడా మాత్రమే వచ్చినచో అది పన్ను తప్పిన దోషము కాదు. ట్యాపెట్టు సందులోనో, అరిగిన కీ గాడిలోనో కారణము వెదకవలెను. ఈ లెక్క తెలియక మంచిగా అమర్చిన గేరును మరల మరల విప్పించి డబ్బును, కాలమును పోగొట్టుకొనుట కద్దు.

విప్పునప్పుడే చేయవలసిన పనులు

పాత గేరు ఊడదీయుటకు ముందు ఫ్లైవీలును త్రిప్పి గుర్తులు ఎదురెదురుగా వచ్చునట్లు నిలుపవలెను. గుర్తులు అరిగి కనబడనిచో పంచితో చిన్న చుక్కలు వేసికొనవలెను. నేడు అందరి చేతిలోను ఫోను ఉన్నది గనుక రెండు మూడు వైపుల నుండి ఫొటోలు తీసికొనుట మంచిది.

క్రొత్త గేరు తెచ్చిన వెంటనే పాత గేరు ప్రక్కన పెట్టి చూడుడు. పళ్ళ సంఖ్య లెక్కపెట్టుడు. కీ గాడి నుండి గుర్తు ఎన్నవ పంటి మీద ఉన్నదో రెండింటిలోను లెక్కించుడు. ఒకే నమూనా ఇంజనునకు వేరు వేరు చోట్ల విడిభాగములు తయారగుచున్నవి. క్రొత్త దానిలో గుర్తు వేరు పంటి మీద ఉన్నచో ఆ గుర్తును నమ్మి బిగించిన ఇంజను నడువదు. పాత గేరును బట్టి క్రొత్త దాని మీద గుర్తు మార్చుకొనవలెను. పరీక్షలన్నియు పూర్తియై ఇంజను నడచు వరకు పాత గేరును పారవేయరాదు.

బిగించిన పిమ్మట మొదటి పరీక్ష: చేతితో రెండు చుట్లు

క్రొత్త గేరు వేసిన వెంటనే హ్యాండిలు వేసి గట్టిగా త్రిప్పి ఇంజను ఎక్కించుటకు ప్రయత్నింపకుడు. వాల్వు తెరచుకొని యుండగా పిస్టను పైకి వచ్చినచో రెండును ఢీకొనును. వాల్వు వంగును, పుష్ రాడ్డు వంగును, ఒక్కొక్కప్పుడు పిస్టనే పగులును. గేరు ఖర్చుతో పోవునది హెడ్డు విప్పు వరకు వచ్చును.

మొదట డీసెలు కాకు కట్టివేసి, నాజిల్ ఊడదీయవలెను. అప్పుడు లోపలి గాలి ఒత్తిడి ఉండదు గనుక ఫ్లైవీలు తేలికగా తిరుగును, ఇంజను అకస్మాత్తుగా అంటుకొను ప్రమాదమును ఉండదు. తరువాత ఇంజను తిరుగు వైపునకే మెల్లగా రెండు పూర్తి చుట్లు త్రిప్పుడు. ఎక్కడనైనను గట్టిగా తగిలి ఆగినచో బలవంతము చేయరాదు. అచ్చటనే ఆపి కారణము చూడవలెను.

క్రాంకు గేరు నేరుగా క్యాము గేరుతో కలిసి యున్న ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి గుర్తులు మరల కలియును. నడుమ మరియొక గేరు ఉన్నచో అట్లు కలియకపోవచ్చును. నడిమి గేరు పళ్ళ సంఖ్యను బట్టి గుర్తులన్నియు తిరిగి ఒకే వరుసకు వచ్చుటకు చాల చుట్లు పట్టును. పవరు టిల్లరు ఇంజనులలో ఇట్టి నడిమి గేర్లు ఉండుట సాధారణము. బిగించునప్పుడు కలిసిన గుర్తులు రెండు చుట్ల తరువాత కలియలేదని కంగారుపడి మరల విప్పరాదు. అది గేర్ల లెక్కయే గాని దోషము కాదు.

రెండవ పరీక్ష: వాల్వులు కదలు తీరు

గుర్తులు సరిగా ఉన్నను లేకున్నను వాల్వులను చూచి నిజము తెలిసికొనవచ్చును. మొదట ఇంజను చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్టు సందు మీ ఇంజను పుస్తకములో చెప్పిన ప్రకారము గేజితో సరిచేయవలెను. సందు లేకున్నచో వాల్వు ముందుగా తెరచుకొని ఆలస్యముగా మూసికొనును. సందు ఎక్కువైనచో ఆలస్యముగా తెరచుకొని ముందుగా మూసికొనును. సందు సరిచేయక టైమింగు చూచుట వృథా.

తరువాత సుద్దముక్క దగ్గర పెట్టుకొని ఫ్లైవీలును మెల్లగా త్రిప్పుచు పుష్ రాడ్డును వేళ్ళతో తిప్పి చూచుచుండుడు. వాల్వు మూసియున్నప్పుడు రాడ్డు వేళ్ళ మధ్య వదులుగా తిరుగును. వాల్వు తెరచుకొన మొదలిడగనే బిగుసుకొనును. ఎగ్జాస్టు వాల్వు మూసికొను వేళకే ఇన్‌లెట్ వాల్వు తెరచుకొన నారంభించును. ఇన్‌లెట్ రాడ్డు బిగిసిన క్షణమున సూచిక ముల్లుకు ఎదురుగా ఫ్లైవీలు మీద ఒక గీత, ఎగ్జాస్టు రాడ్డు వదులైన క్షణమున మరియొక గీత గీయుడు.

పంపుసెట్లకు వాడు 5 హెచ్.పి., 1500 చుట్ల ఇంజనుల తరగతిలో ఒక రకమును చూతము. అందులో పిస్టను పై కొసకు చేరుటకు 4.5 డిగ్రీల ముందు ఇన్‌లెట్ తెరచుకొనును. పై కొస దాటిన 4.5 డిగ్రీలకు ఎగ్జాస్టు మూసికొనును. పై కొసనే మెకానిక్కులు టీడీసీ అందురు. అనగా మీరు గీచిన రెండు గీతల నడిమి స్థానము సరిగా టీడీసీ గీత దగ్గరకు రావలెను. ఇతర రకముల ఇంజనులలో ఈ అంకెలు వేరుగా ఉండును. మీ పుస్తకములోని అంకెలనే పాటింపవలెను.

నడిమి స్థానము ముల్లుకు ఎదురుగా వచ్చు వేళకు టీడీసీ గీత ఇంకను ముల్లును చేరక 6 సెం.మీ. దూరములో ఉన్నచో క్యాము గేరు ఒక పన్ను ముందుకు పడినది. టీడీసీ గీత 6 సెం.మీ. దాటిపోయినచో ఒక పన్ను వెనుకకు పడినది. ఇవి పైన చెప్పిన 60 సెం.మీ. ఫ్లైవీలునకు, 30 పళ్ళ గేరునకు వచ్చు లెక్కలు. మీ కొలతలతో మీరు లెక్కించుకొనవలెను.

ఈ పరీక్షకు టీడీసీ గీత నమ్మదగినదై ఉండవలెను. గీత చెరిగిపోయి, హెడ్డు విప్పి ఉన్న సమయమైనచో దానిని తిరిగి గుర్తించుట తేలిక. పిస్టను పైకి వచ్చునప్పుడు సిలిండరు అంచునకు ఒక సెం.మీ. క్రింద ఉన్నచోట ఫ్లైవీలు మీద ఒక గీత, దిగునప్పుడు అదే లోతున మరొక గీత గీచి, రెండింటికి నడుమ టీడీసీ గీత వేయవలెను.

మూడవ పరీక్ష: డీసెలు చిమ్ము వేళ

వాల్వులు సరిగా ఉన్నవని తేలిన తరువాతనే డీసెలు పంపును చూడవలెను. పంపు నుండి నాజిలునకు పోవు గొట్టమును విప్పి, డీసెలు లివరును పూర్తిగా తెరచి, పంపులో గాలి లేకుండ చేసి, పంపు నోటి వద్ద డీసెలు మట్టమును చూచుచు ఫ్లైవీలును ఇంజను తిరుగు వైపునకు మెల్లగా త్రిప్పుడు. డీసెలు మట్టము పైకి కదలిన తొలి క్షణమే చిమ్ము వేళ. అప్పుడు టీడీసీ గీత ముల్లును చేరుటకు ఇంకను ఎంత దూరము ఉన్నదో కొలువుడు. పైన చెప్పిన రకము ఇంజనులో ఇది 23 డిగ్రీలు. 60 సెం.మీ. ఫ్లైవీలు మీద సుమారు 12 సెం.మీ.

కొంచెము తేడా ఉన్నచో పంపు అడుగున ఉండు పలుచని రేకులతో సరిచేయవచ్చును. వీనిని షిమ్ము లందురు. షిమ్ము చేర్చినచో చిమ్ముట ఆలస్యమగును. తీసినచో ముందగును. గేరు విప్పినప్పుడు పంపును కూడ తీసి, షిమ్ములను ఎక్కడనో పెట్టి మరచి బిగించినచో, గేరు సరిగా ఉన్నను ఇంజను చెడ్డగా నడచును.

కొన్ని ఇంజనులలో డీసెలు పంపునకు వేరుగా గేరు ఉండును. అచ్చట మరియొక చిక్కు కలదు. పంపు గేరు ఫ్లైవీలు చుట్టు ఒకటి తేడాగా పడినచో గీతలన్నియు సరిగానే కనబడును గాని, గాలిని నొక్కిన వేళ కాక పొగ బయటికి పోయి గాలి లోనికి వచ్చు వేళ డీసెలు చిమ్మును. ఇంజను ఎంత త్రిప్పినను అంటుకొనదు. కావున చిమ్ము వేళ రెండు వాల్వులును మూసి ఉన్నవా అని పుష్ రాడ్లను తిప్పి చూడవలెను.

ఎక్కించు ముందు మరొక్క జాగ్రత్త

టైమింగు మూత లోపలనే గవర్నరు కూడ ఉండు ఇంజనులు చాల కలవు. మూత బిగించునప్పుడు గవర్నరు కడ్డీ పట్టు తప్పినచో ఇంజను ఎక్కిన వెంటనే అదుపు తప్పి పరుగెత్తును. కాబట్టి ఆపు లివరును లాగినచో పంపు కడ్డీ పూర్తిగా మూసికొనుచున్నదా అని చేతితో చూడుడు. అదుపు తప్పినచో డీసెలు కట్టివేసి, గాలి పీల్చు నోటిని చెక్కపలకతో మూయవలెను. అరచేయి పెట్టరాదు.

హ్యాండిలు పట్టునప్పుడు బొటనవ్రేలు మిగిలిన వ్రేళ్ళ వైపుననే ఉంచుడు. ఎదురు తన్నినప్పుడు చేయి విరుగకుండుటకు ఇది అవసరము. పంచె, లుంగీ, కండువా, చీర కొంగు ఫ్లైవీలు దగ్గరకు పోనీయరాదు. నాజిలును బయట పరీక్షించునప్పుడు ఆ తుంపర ఎదుట చేయి పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీసెలు చర్మము లోనికి దూరును. పైకి చిన్న గాయమే అయినను వెంటనే డాక్టరు వద్దకు పోవలెను. మూసిన పాకలో ఇంజనును నడుపరాదు. ఆ పొగ ప్రాణాపాయము.

గుణములను బట్టి దోషము తెలిసికొనుట

హ్యాండిలు త్రిప్పునప్పుడు పొగ గొట్టము నుండి ఏమియు రాకున్నచో డీసెలే లోపలికి పోవుట లేదు. గొట్టములో గాలి, ఫిల్టరు, పంపు చూడవలెను. గేరును నిందింపరాదు.

తెల్లని పొగ వచ్చుచు అంటుకొననిచో డీసెలు పోవుచున్నది గాని మండుట లేదు. గాలి ఒత్తిడి చాలదు, లేదా చిమ్ముట ఆలస్యము. మొదట ట్యాపెట్టు సందు, తరువాత టైమింగు చూడవలెను.

గాలి పీల్చు గొట్టము నుండి ఎదురు దెబ్బ వచ్చినచో ఇన్‌లెట్ వాల్వు మూసికొనవలసిన వేళ మూసికొనుట లేదు. ట్యాపెట్టు సరిగా ఉన్నచో పన్ను తప్పినదని అనుమానింపవచ్చును.

హ్యాండిలు ఎదురు తన్నుట, ఎక్కిన తరువాత సుత్తితో కొట్టినట్లు గట్టి మోత వచ్చుట చిమ్ముట ముందైనందుకు గుర్తు. నల్లని పొగ, బలము తగ్గుట, పొగ గొట్టము మితిమీరి కాలుట చిమ్ముట ఆలస్యమైనందుకు గుర్తు. అయితే నాజిల్ చెడినను, పంపు మీద భారము ఎక్కువైనను నల్లని పొగ వచ్చును గనుక కొలచి చూడక నిర్ణయింపరాదు.

ఇంజను మంచిగా నడచుచు, క్రొత్తగా విపరీతమైన ఊపు వచ్చినచో, తూకపు గేర్లు గల పవరు టిల్లరు ఇంజనులో ఆ గేరు గుర్తు తప్పి యుండును.

గొలుసు గల ఇంజనుల విషయము

మీ మోటారు సైకిలుకో, కారుకో గొలుసు మార్చినను పరీక్షలు ఇట్టివే. గొలుసు నాళ్ళు గడచిన కొలది సాగును. సాగినకొలది వాల్వులు ఆలస్యమగును. క్రొత్త గొలుసు వేసినప్పుడు టెన్షనరు బిగువు సరిగా పడిన పిమ్మటనే గుర్తులు చూడవలెను. వదులు గొలుసు మీద కలిసిన గుర్తులు బిగువు పడగనే తప్పిపోవచ్చును. పళ్ళు తక్కువ గల చక్రములగుటచే ఒక పన్ను తప్పినచో తేడా ఇంకను పెద్దది. క్యాము చక్రమునకు 30 పళ్ళు ఉన్నచో ఒక పంటికి క్రాంకు మీద 24 డిగ్రీలు. కొన్ని గొలుసులకు రంగు లంకెలు ఉండును. అవి బిగించునప్పుడు మాత్రమే పనికి వచ్చును. రెండు చుట్లు త్రిప్పిన పిమ్మట చక్రముల గుర్తులు తిరిగి వచ్చును గాని రంగు లంకెలు అచ్చటికి రావు. అందుకు భయపడ నవసరము లేదు.

ముగింపు

మీ ఇంజనునకు ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొనుడు. అందులో ఫ్లైవీలు చుట్టుకొలత, గేర్ల పళ్ళ సంఖ్య, ట్యాపెట్టు సందు, చిమ్ము వేళ దూరము సెంటీమీటర్లలో, పంపు క్రింద షిమ్ములు ఎన్ని అను వివరములు వ్రాసికొనుడు. ఇంజను మంచిగా నడచుచున్న రోజులలోనే ఈ కొలతలు తీసికొనవలెను. చెడిన పిమ్మట వచ్చిన కొలతను దేనితో పోల్చవలెనో అప్పుడే తెలియును. మెకానిక్కు వచ్చినప్పుడు ఈ పుస్తకము చూపి, పై మూడు పరీక్షలు మీ ఎదుటనే చేయించుకొనుడు. అందుకు పట్టు కాలము చాల తక్కువ. కాలువ కట్టివేయుటకు ముందే, తొలి వానలు పడక పూర్వమే ఇంజనును ఒకసారి నడిపి చూచుకొన్నచో మరమ్మతునకు వ్యవధి దొరకును.

రైతు సోదరులు, సోదరీమణులు ఈ విషయములను గమనించి తమ ఇంజనులను సక్రమముగా ఉంచుకొని, సార్వా, దాళ్వా పంటలను ముంపు నుండి, నీటి ఎద్దడి నుండి కాపాడుకొనగలరని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.